గుర్రం బొమ్మ నూనె

ధన్యా, నా తల్లీ, పడుకున్నావా? ఈ మైకు బొమ్మ నొక్కిపట్టి మాట్లాడితే నా మాటలు నీకొచ్చేస్తాయని మీ అమ్మ చెప్పింది. నిన్న ఫోన్లో అడిగావు కదా, "అమ్మమ్మా, టీవీలో మోకాళ్ళ నూనె చూపిస్తున్నారు, నీకు పంపమంటావా?" అని. దానికి జవాబు ఒక కథంత ఉంది. దుప్పటి కప్పుకుని ఇను.

అనగనగా ఒక కొండ కింద ఊళ్ళో పోలయ్య అనీ ఒక గొర్రెలాయన ఉండీవాడు. ఆయన పెళ్ళాం అచ్చియ్యమ్మ. పోలయ్య పగలంతా గొర్రెల్ని కొండ మీదికి తోలుకెళ్ళీవాడు. గంగమ్మ పండగొస్తే రొమ్ముకి తప్పెట కట్టి, కాళ్ళకి గజ్జెలు కట్టి, తప్పెటగుళ్ళ జట్టుకి ముందు నిలబడీవాడు. వాయిస్తా ఎగిరీవాడు చూడు, మేకపిల్ల కూడా అలా ఎగరదు.

ఆ తర్వాత ఒకేడు ఆయనకి మోకాళ్ళు పట్టేశాయి. కూకుంటే లెగలేడు, లెగిస్తే కూకోలేడు. పండగేమో మూడు నెలల్లోకి వచ్చేసింది.

"ఎగరలేనోణ్ణి ముందు నిలబెట్టరే, అచ్చియ్యా" అన్నాడు. అంతే అన్నాడు. ఆ పూట అన్నం తినలేదు.

అప్పుడు అచ్చియ్యమ్మ ఊరుకుందా? సంతకెళ్ళింది. సంతలో ఒకడు మైకు పట్టుకుని, మూడు రోజులు పూస్తే ముసలోడు పరిగెడతాడని అరుస్తున్నాడు. పచ్చ మందు, చిన్న డబ్బా. తెచ్చి పూసింది. పోలయ్య మోకాళ్ళు ఆకుపచ్చగా అయిపోయాయి. గొర్రెపిల్ల ఒకటి ఆకులనుకుని నాకడానికొచ్చింది. నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఆ తర్వాత టీవీలో అయస్కాంతం కడియం చూపించారు. చేతికేసుకుంటే కాలి నొప్పి లాగేస్తాదంట. పక్కింటి నూకాలు చేత ఫోన్ చేయించి తెప్పించింది. అది నొప్పిని లాగలేదు గానీ తలుపు గొళ్ళేన్ని బాగా లాగింది. పోలయ్య గుమ్మం దాటినప్పుడల్లా చెయ్యి టక్కుమని అంటుకుపోయీది.

"ఏటే, నన్ను ఇంటికి కట్టీడానికి తెచ్చావా?" అనీవాడు.

మూడోసారి అచ్చియ్యమ్మ బజారుకెళ్ళింది. ఆమెకి చదువు రాదు. ఏ సరుకైనా బొమ్మ చూసే కొంటాది. పువ్వు బొమ్మ సబ్బు, కోడి బొమ్మ అగ్గిపెట్టె. అప్పుడు కొట్లో ఒక సీసా మీద గుర్రం పరిగెడతా కనిపించింది. గుర్రానికున్న మోకాళ్ళు ఇంకెవరికున్నాయి అనుకుంది. తెచ్చేసింది.

ఆ రోజు నుంచి పొద్దుగూకేసరికి ఆయన్ని పీట మీద కూకోబెట్టి, నూనె గోరువెచ్చగా కాసి రెండు మోకాళ్ళకీ రాసీది. రాస్తా ఊరి కబుర్లన్నీ చెప్పీది. ఎవరి కోడి ఎవరింట్లో గుడ్డు పెట్టిందో కూడా చెప్పీది. అంతకు ముందు వాళ్ళిద్దరూ అంతసేపు కూకుని మాట్లాడుకున్నది లేదు తల్లీ. ఆయన గొర్రెల్తో, ఆమె పొయ్యితో సరిపోయీది.

"తగ్గిందా మావా?"

"తగ్గిందే. రేపు కూడా రాయి."

ఇంకేముంది, మా మావ ఈ ఏడు కూడా ఎగురుతాడని అచ్చియ్యమ్మ కుళాయి కాడ అందరికీ చెప్పేసింది. నూకాలు కూడా వాళ్ళత్త మోకాళ్ళకని ఒక సీసా కొనుక్కుంది.

పండగ ఇంకా ఎనిమిది రోజులుందనగా నూకాలు కూతురు ఆ సీసా పట్టుకొచ్చింది. నీ అంత గుంట, అప్పుడే చదువు వస్తంది. కూడబలుక్కుని చదివింది. "అచ్చియ్యత్తా, ఇది తలనూనె. రాసుకుంటే గుర్రం తోకంత జడ వస్తాదని రాశారు."

మోకాళ్ళ మీద జుట్టు మొలిచిందా అని అడగబోతన్నావు కదా? ఒక్క వెంట్రుక మొలవలేదు. రెండు నెలల దగ్గర దగ్గర రాసింది. దాని పని కూడా అది చెయ్యలేదన్నమాట.

నూకాలు పొట్ట పట్టుకుని నవ్వింది. అచ్చియ్యమ్మ నవ్వలేదు. సీసా తీసుకుని మొగుడి కాడికెళ్ళింది.

"మావా, నీకు చదువొచ్చు కదా."

"ఏదో, కొంచెం."

"మొదటి రోజే చదివావా?"

"చదివాను."

"మరి చెప్పవేటి?"

పోలయ్య తల గోక్కున్నాడు. "చెబితే రాయడం మానీసీదానివి కదా."

"తగ్గిందన్నావు?"

"నువ్వు రాసీటప్పుడు తగ్గీది. నువ్వు లెగిసెళ్ళాక మళ్ళీ వచ్చీది."

ఆ సాయంత్రం కూడా రాసింది, అదే నూనె.

పండగ రోజు అచ్చియ్యమ్మ ఆ పీట నెత్తి మీద పెట్టుకుని వెళ్ళింది. జట్టుకి ముందు వేసింది. "మా మావ ఇక్కడ కూకుని వాయిస్తాడు. ఎగరడానికి మీకు కాళ్ళున్నాయి కదా" అంది. జట్టోళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఒకాయన కాదనబోయాడు. అప్పటికే పోలయ్య కూకుని తప్పెట మీద చెయ్యేశాడు. ఆ దెబ్బ ఇన్నాక ఇంకెవరూ పీట సంగతి ఎత్తలేదు.

ఆఖర్లో ఆయన నెమ్మదిగా లెగిశాడు. ఒకసారి ఎగిరాడు. రెండోసారి ఎగిరాడు. మూడోసారి సగం ఎగిరి, పీట మీద కూలబడి నవ్వాడు.

"మిగతావి పైయేడు" అన్నాడు.

పైయేడు పండక్కి పీట వెళ్ళింది. ఆయన లేడు.

ఆ పోలయ్య మీ తాతేనని ఎప్పుడో కనిపెట్టీసుంటావు. అచ్చియ్యమ్మ ఎవరో నీకు తెలుసు. నాకు నూనె పంపకు తల్లీ. ఆ గుర్రం బొమ్మ సీసాలో ఇంకా నాలుగు వేళ్ళ నూనె ఉంది. సెలవలకి నువ్వొస్తే, ఆ పీట మీద కూకోబెట్టి నీ తలకి రాస్తాను. జడ పెరగదు, ముందే చెప్తన్నాను. కబుర్లు మాత్రం బోల్డున్నాయి. మీ తాతకి చెప్పాల్సినవి అలాగే ఉండిపోయాయి.

కథేమో కంచికి,
గజ్జెలేమో గూటికి,
నూనేమో జడకి,
నా తల్లేమో పడకకి.