సోమవారం నుంచీ జలుబు

గుమ్మడిపాలెంలో వరహాలమ్మ ఇంటిని మించిన తెలివైన ఇల్లు లేదు. ఈ మాట ఊరివాళ్ళు అన్నది కాదు, వరహాలమ్మే అనేది. "అబద్ధం ఆడ్డానికి తెలివెందుకు? నిజం చెప్పాలంటే కావాలి. మా ఇంట్లో ముగ్గురం ఉన్నాం, ఒక్కరికీ అబద్ధం రాదు" అని వీధరుగు మీద కూర్చుని పొంగిపోయేది.

నిజమే మరి. ఎవరైనా దారిన పోతూ "బాగున్నావా గవర్రాజూ?" అంటే, పెద్దకొడుకు గవర్రాజు "ఉండండి, చూసి చెబుతా" అని లోపలికెళ్ళి అద్దంలో నాలుక చూసుకుని, పొట్ట నొక్కుకుని వచ్చేవాడు. ఈలోగా అడిగినాయన పక్క ఊరు చేరేవాడు.

ఆవిడ బెంగంతా చిన్నకొడుకు సూరిబాబు గురించే. పిల్లాడు బంగారం, పెళ్ళి కుదరదు. వచ్చిన వాళ్ళు "అబ్బాయికేం అలవాట్లున్నాయి?" అంటే "నిద్దట్లో తంతాడు" అని తల్లే చెప్పేది. అంతే, మర్నాడు ఆ సంబంధం ఉండేది కాదు.

చివరికి రామవరం నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల పేరు నాగరత్నం, బళ్ళో ఇంగ్లీషు టీచరు. శుక్రవారం తండ్రి పరదేశిగారితో కలిసి తనే వచ్చి ఇల్లు చూసుకుంటానంది. "అబ్బాయి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడితే చాలు" అని కబురు పెట్టింది. ఇదీ తప్పిపోతే ఇక సూరిబాబుకు పిల్లనిచ్చేవాడు చుట్టుపక్కల లేడు.

ఇంకేముంది, తల్లీకొడుకులు కామేశం మాస్టారి దగ్గరికి పరిగెత్తారు. ఆయన లెక్క ప్రకారం నాలుగు వాక్యాలు నేర్పాడు. నేర్పుతూ ఇలా విడమరిచాడు. "ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్న సంగతికి ఈ వాక్యాలు వాడాలి. ఎప్పుడు మొదలైందో చెప్పాలంటే సిన్స్ పెట్టు. సోమవారం నుంచి, పొద్దున్నుంచి, అలాగన్నమాట. ఎంతసేపుగా సాగుతోందో చెప్పాలంటే ఫర్ పెట్టు. గంటగా, పదేళ్ళుగా, అలాగ. పని మధ్యలో ఆగిందా, వాక్యం చెడినట్టే!"

పాఠం చక్కగా చెప్పాడు. మనకైతే బోధపడింది. వాళ్ళకు మనకంటే ఎక్కువ బోధపడింది.

మొదటి వాక్యం, ఐ హావ్ హాడ్ ఎ కోల్డ్ సిన్స్ మండే. సోమవారం నుంచి నాకు జలుబు.

"నీకు జలుబు లేదు కదరా!" అంది వరహాలమ్మ.

"లేకుండా ఉందని ఎలా చెబుతానే అమ్మా?"

"సోమవారం రానీ, తెప్పిద్దాం."

సోమవారం తెల్లవారగానే సూరిబాబు నెత్తిన పది బిందెలు గుమ్మరించారు. తడిబట్టలతో నిలబెట్టి ఐస్‌ఫ్రూట్లు తినిపించారు. పొద్దు వాలుతున్నా తుమ్ము లేదు. "దేవుడా, సోమవారం వెళ్ళిపోతోంది!" అని తల్లి ఏడ్చింది. అప్పుడు గవర్రాజు తెలివిగా ముక్కులో మిరియాలపొడి ఊదాడు. హాఛ్! ఇల్లంతా పండగ. ఊళ్ళో అందరూ జలుబు తగ్గాలని కషాయం తాగుతారు. వీళ్ళు శుక్రవారం దాకా తగ్గకూడదని రోజూ బిందెలు గుమ్మరించారు.

రెండోది, పొద్దున్నుంచి మీ కోసం బస్టాండులో ఎదురు చూస్తున్నాను. శుక్రవారం కోడి కూయగానే సూరిబాబు ముక్కు తుడుచుకుంటూ వెళ్ళి అక్కడ నిలబడ్డాడు.

పదకొండింటి బస్సులో తండ్రీకూతుళ్ళు దిగారు. సూరిబాబు తుమ్మి, జలుబు వాక్యం చెప్పాడు. మళ్ళీ తుమ్మి, ఎదురుచూపుల వాక్యం చెప్పాడు. ఒక్క తప్పు లేదు. నాగరత్నం ముచ్చటపడి, "పదండి, ఇంటికెళదాం" అంది.

"మీరెళ్ళండి. నేను మీ కోసం ఎదురు చూడాలి."

"నేను వచ్చేశానుగా!"

"వస్తే వచ్చారు గానీ నేను ఆపకూడదండి. ఆపితే వాక్యం చెడుతుంది" అని, ఆమెను కాస్త పక్కకు జరగమని, ఆమె వచ్చిన దారి వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఇతనికి జలుబు తలకెక్కిందే అమ్మాయ్!" అన్నాడు పరదేశి.

సరే, ఇంటికి దారి అడుగుతూ వెళ్ళారు. నడినెత్తిన ఎండ. వరహాలమ్మ గొడుగుతో ఎదురొచ్చింది. "రండి, రండి! గంటగా ఒకటే వాన!"

వాన ఎక్కడా అని పరదేశి తలెత్తాడు. అంతే, బిందెడు నీళ్ళు మొహాన పడ్డాయి. ఇంటి కప్పు మీంచి గవర్రాజు అరిచాడు. "అమ్మా, గంట దాటింది, ఆపెయ్యనా?"

"ఆపితే వాక్యం చెడుతుంది, పొయ్యరా!"

ఇదీ మూడో వాక్యం. సూరిబాబు బస్టాండులో ఉన్నాడు గనక వాక్యం తల్లి చెబుతోంది, వాన అన్న కురిపిస్తున్నాడు. పెంకుల సందుల్లోంచి నీళ్ళు కారి పళ్ళెంలో బూరెలు ఈదుతున్నాయి.

"పద అమ్మాయ్, వెళ్ళిపోదాం!" పరదేశి పంచె పిండుకుంటూ కదిలాడు. వరహాలమ్మ గొడుగు పారేసి గుమ్మానికి అడ్డంపడింది. "ఏం తప్పు చేశామయ్యా? మాకు అబద్ధం రాదు. చెప్పాలంటే ముందు అది నిజం కావాలి కదా! నాలుగు రోజుల నుంచి పిల్లాడు తుమ్ముతున్నాడయ్యా, మీ పిల్ల కోసం!"

నాగరత్నం ఆగిపోయింది. పోయిన నెల పెళ్ళిచూపులకొచ్చిన ఒకాయన మూడేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నానని దర్జాగా ఇంగ్లీషులో చెప్పాడు. తీరా చూస్తే ఆ ఉద్యోగం పోయి ఏడాదైంది. ఇక్కడేమో వాక్యం తప్పకూడదని వాన కురిపిస్తున్నారు. ఆమెకు నవ్వాగలేదు.

"నాన్నా, నాకు ఈ ఇల్లే కావాలి" అని, బస్టాండుకు వెళ్ళింది.

"సూరిబాబుగారూ, ఇక చూడక్కర్లేదు. వాక్యం అయ్యాక ఫుల్‌స్టాప్ పెట్టాలి."

"ఫుల్‌స్టాపా? అదొకటుందా! మాస్టారు ఆ సంగతి చెప్పలేదే!" అని సూరిబాబు అక్కడే కూలబడి హాయిగా కాళ్ళు చాపుకున్నాడు.

సంబంధం కుదిరింది. మంచిరోజు చూసి కబురు చెయ్యమని తండ్రీకూతుళ్ళు బస్సెక్కారు. కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ నాలుగో వాక్యం మిగిలిపోయిందే! అదేమిటంటే, మాకు పెళ్ళయి పదేళ్ళయింది.

"ఇది పీటల మీద చెప్పేస్తాను" అన్నాడు సూరిబాబు.

"చెప్పాలంటే నిజం కావాలిగా?" అన్నాడు గవర్రాజు.

ముగ్గురూ ఆలోచించి పురోహితుడి దగ్గరికెళ్ళారు. "పంతులుగారూ, పదేళ్ళ కిందటికి ఒక మంచి ముహూర్తం పెట్టండి."

ఆయన వీళ్ళను ఎరుగును. వాదించడం దండగని అటకెక్కి పాత పంచాంగం దించి, దుమ్ము దులిపి, "ఇదిగో, మాఘ శుద్ధ దశమి, పొద్దున్న తొమ్మిదింటికి దివ్యంగా ఉంది" అన్నాడు.

వరహాలమ్మ గుండె బాదుకుంది. "అయ్యో! పదేళ్ళు ఆలస్యమైపోయాం! పీటల మీద పిల్ల ఏమనుకుంటుందో! పరిగెత్తండర్రా!"

ఇంకేముంది! తల్లి తాళిబొట్టు పట్టుకుంది, అన్న బూరెల పళ్ళెం ఎత్తుకుంది... కాదు కాదు, ఎత్తుకున్నాడు, నాకూ కంగారొచ్చింది. సూరిబాబు తుమ్ముతూ వెనకాల. ముగ్గురూ రామవరం రోడ్డున పడి అప్పట్నుంచీ పరిగెడుతూనే ఉన్నారు. రామవరం ఎప్పుడో దాటేశారు కూడా. కానీ ఆగరు, ఆపితే వాక్యం చెడుతుందిగా!

మీరేం బెంగపడకండి. వాళ్ళ వెనకాలే నాగరత్నం సైకిలు మీద వస్తోంది. ఫుల్‌స్టాప్ ఆమె దగ్గరే ఉంది.