నడికనుమ తల్లికి రెండు జాతరలెందుకు

కొండ దిగువన బస్సు దిగి, తుమ్మల మధ్య రాళ్ళ దారిన పైకి నడిస్తే నడికనుమ వస్తుంది. ఇక్కడ నిలబడి పడమటికి చూస్తే నల్లరేగడి చేలు, తూర్పుకు చూస్తే సముద్రం దాకా పోయే ఎర్రనేలలు. రెంటికీ నడుమ, పైకప్పు లేని రాతి గద్దె మీద, కాళ్ళు ముడుచుకుని కూర్చున్న స్త్రీమూర్తి నడికనుమ తల్లి. ఆమెకు ఆషాఢంలో ఒక జాతర, కార్తీకంలో ఒక జాతర జరుగుతాయి. ఆషాఢంలో వచ్చేది పడమటివారు, కార్తీకంలో వచ్చేది తూర్పువారు. ఒకరి జాతరకు ఒకరు రారు, పిలుపులూ ఉండవు. ఒక్క తల్లికి రెండు జాతరలేమిటి, ఇదెక్కడి చోద్యమని కొత్తవారు మూతి విరుస్తారు. విరిచే ముందు ఆ తల్లి పడిన పాట్లు వినాలి.

పూర్వం ఇక్కడ ఒకే మంద, ఒకే జనం ఉండేవారు. గొర్రెలు కాచుకుని బతికేవారు. మందకు పెద్ద కాటయ్య. ఆయన కూతురు ఈరక్క. ఈరక్క భర్త బయన్న, మందను ముందుండి నడిపే మొనగాడు. ఆ మామాఅల్లుళ్ళది ఒకటే మాట, ఒకటే బాట. ఒక పక్క తండ్రి, ఒక పక్క మొగుడు ఉండగా తనకేం తక్కువని ఈరక్క కొండంత ధీమాతో ఉండేది.

అంతలో కరువు వచ్చిపడింది. వానలు మొహం చాటేశాయి. కొండ ఊటలో నీరు మనుషుల దోసిటికే గాని మందకు చాలదు. గొర్రెలు రాలిపోతుంటే కాటయ్య కనుమ దేవర రాయి ముందు పడుకుని మొరపెట్టుకున్నాడు. దేవర కలలోకి వచ్చి, "అందరూ ఒకే దిక్కుకు పోతే అందరూ చస్తారు. మందను రెండు చేయండి" అన్నాడు. అంతవరకే చెప్పాడు. మళ్ళీ ఒకటి చేయడమెలాగో చెప్పలేదు. దేవుళ్ళ వరస అంతే, సగం మనకే వదిలేస్తారు.

సగం మందతో కాటయ్య తూర్పుకు, సగం మందతో బయన్న పడమటికి దిగాలని తీర్మానమైంది. మరి ఈరక్క ఎటు? అంతకు కొద్దిరోజుల ముందే రాతి మీంచి జారి ఆమె కాలు విరిగింది. నేను మోసుకుపోతానని బయన్న, నా బిడ్డ నా వెంటేనని కాటయ్య పట్టుబట్టారు. మామాఅల్లుళ్ళు మాటా మాటా అనుకోవడం అదే మొదలు. ఆ తగవు చూడలేక ఈరక్కే మధ్యలో పడింది.

"నేనెటూ రాను. దేవరకు దీపం పెట్టుకుంటా ఈడనే ఉంటా. వాన పడగానే మీరిద్దరూ ఈడికే రండి" అంది.

"వాన పడిన మరునాడే బయల్దేరతా" అన్నాడు బయన్న.

"నేనూ అంతే" అన్నాడు కాటయ్య. ఇద్దరూ దేవర రాయి మీద చేతులు వేసి ఒట్టు పెట్టుకుని విడిపోయారు.

వాన పడింది. ఆషాఢంలో నైరుతి గాలి తెచ్చిన వాన పడమటి నేల మీద కురిసింది. బయన్న ఒట్టు తప్పకుండా మందతో ఎక్కి వచ్చాడు. తూర్పు దారిన ఎవరూ లేరు. కనుమలో గడ్డి అయిపోయేదాకా కాచుకుని, "మీ నాయన మాట మీద నిలబడే మనిషనుకుంటి" అన్నాడు. వెంట రమ్మంటే, నాయన వచ్చేదాకా కదలనంది ఈరక్క. అతడు దిగిపోయాడు. కార్తీకంలో ఈశాన్యపు వాన తూర్పున కురిసింది. కాటయ్య ఆశతో ఎక్కి వచ్చాడు. పడమటి దారిన ఎవరూ లేరు. "నీ మొగుడికి పచ్చిక దొరికింది. ఇంక మనమెందుకు గుర్తుంటాం" అన్నాడు.

జరిగిందేమిటో ఈరక్కకు అప్పుడు తెలిసింది. కొండకు అటు వాన వచ్చే కాలం వేరు, ఇటు వాన వచ్చే కాలం వేరు. కనుమ మీద రెండు వానల చినుకులూ పడేవి గనుక కలిసి ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. వాన పడగానే రమ్మన్నది తనే కదా అని ఆమె గుండె బాదుకుంది.

"ఆయనా వచ్చినాడు నాయనా. ఆ పక్క వాన ఆషాఢంలోనే పడింది. నీలాగే చూసి చూసి పోయినాడు" అని చెప్పింది.

"అక్కడ వాన కురుస్తుంటే ఇక్కడ నిప్పులు చెరగడమేమిటి? ఆకాశం ఒకటే కదమ్మా. మొగుణ్ణి వెనకేసుకొస్తున్నావు" అన్నాడు కాటయ్య.

మరుసటి ఆషాఢంలో బయన్న, "పుట్టింటోళ్ళ కోసం కతలు చెప్తాండావు" అన్నాడు. ఆమె బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది. నిజం చెప్పిన కొద్దీ ఇద్దరికీ అబద్ధాలకోరుగా కనబడింది.

ఇక ఇలా లాభం లేదని, కుంటికాలితో, కర్ర ఊతంగా తూర్పు దిగి తండ్రి కాళ్ళు పట్టుకుంది. ఒక్కసారి నా మాట విని ఆషాఢంలో రమ్మంది. కూతురి మొహం చూసి కాటయ్య కాదనలేకపోయాడు. తూర్పున నేల పెనంలా కాలుతుండగా మందను కొండకు తోలాడు. దారి పొడుగునా గొర్రెలు పడిపోయాయి. తీరా చూస్తే ఆ ఏడు పడమటి వాన ఆలస్యమైంది. కనుమలో నరపురుగు లేదు. కాటయ్య కూతుర్ని ఒక్క మాట కూడా అనలేదు. మిగిలినవాటిని తోలుకుని వెనుదిరిగాడు. తిట్టినా బాగుండేదని ఆమె ఎన్నోసార్లు ఏడ్చింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ రాలేదు.

శ్రావణంలో బయన్న వచ్చాడు. దారిలో కళేబరాలు చూశాడు, వాటి చెవులకు మంద గుర్తుగా మామ పెట్టే గాటు చూశాడు.

"చూసినావా, వాళ్ళు వచ్చినారు" అంది ఈరక్క ఆశగా.

అతడు తూర్పు దారికేసి చూశాడు. "వచ్చి, రవంత ఆగలేకపోయినారా? మేం ఆగలేదా?" అన్నాడు. అతడి వెనక నెత్తిన గంపతో ఇంకొక ఇల్లాలు నిలబడి ఉంది. ఎవరని ఈరక్క అడగలేదు.

ఆపైన పడమటివారు జొన్న వేసి రైతులయ్యారు. తూర్పువారు తీరం చేరి ఉప్పు బేరంలో పడ్డారు. గొర్రె చెవి గాటు మారింది, పెళ్ళితంతు మారింది, మాట యాస మారింది. ఒకరి మాటకు ఒకరు నవ్వుకునేదాకా వచ్చింది. రెండువైపులా ఏటేటా తమ వాన పడ్డాక కొందరు కొండెక్కి, దేవరకు దండం పెట్టి, ఈరక్క దగ్గర ఇన్ని గింజలు పోసి పోయేవారు. రెండోవారి ఊసు మాత్రం ఎత్తేవారు కాదు. ఈ కథలో ద్రోహి ఎవరని వెతికితే దొరకడు. దొరికితే వాడినైనా తిట్టుకుని ఊరుకునేవాళ్ళం.

ముసలితనంలో ఈరక్క అన్నం నీళ్ళు మాని, దేవర రాయికి తల ఆనించి, నా వాళ్ళను కలుపు, ఇంకేమీ వద్దని మొక్కింది. దేవర కలలోకి వచ్చాడు.

"ఈరక్కా, వానను జరపమంటే జరుపుతాను. రెండువైపులా ఒకేనాడు కురిపిస్తాను. అయినా వాళ్ళు రారు. ఇప్పుడు వాళ్ళను ఆపుతున్నది వాన కాదు. వాళ్ళను కలపడం నా చేతిలో లేదు" అన్నాడు.

"నువ్వు దేవుడివి కదా" అంది ఈరక్క. దేవర తల వంచుకున్నాడు.

భాద్రపదంలో, ఆ వానకూ ఈ వానకూ నడుమ, ఎవరూ లేని వేళ ఆమె కూర్చున్న చోటే ప్రాణం విడిచింది. కార్తీకంలో ఎక్కి వచ్చిన తూర్పువారు ఆమె రాయి అయి ఉండటం చూసి పసుపు పూశారు. ఆషాఢంలో వచ్చిన పడమటివారు ఆ పసుపు కడిగి సిందూరం పూశారు. తరాలు గడిచాక అటొక రాజు, ఇటొక రాజు లేచి, ఈ గద్దె చుట్టూనే రెండు సేనలు నరుక్కున్నాయి. తామంతా ఒకే మంద బిడ్డలమని చచ్చినవారికీ తెలియదు, చంపినవారికీ తెలియదు.

నేటికీ ఆ రెండు జాతరలూ, ఆ పసుపు కడగడం, ఆ సిందూరం కడగడం అలాగే సాగుతున్నాయి. తల్లి మహిమకు లోటు లేదు. ఇక్కడ ముడుపు కడితే తప్పిపోయిన పశువు ఇల్లు చేరుతుంది, కాళ్ళ నొప్పులు నెమ్మదిస్తాయి, సంతానం లేనివారి ఒడి నిండుతుంది. విడిపోయిన అన్నదమ్ములను గాని, పుట్టింటినీ అత్తింటినీ గాని, రెండు ఊళ్ళను గాని కలపమని మాత్రం ఇక్కడ మొక్కరాదు. ముడుపు కట్టే ముందే అర్చకులు కోరిక ఏమిటని అడిగి, అదే అయితే ఆపేస్తారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మా వాళ్ళను ఆడిపోసుకోకండి. బతికినన్నాళ్ళూ ఆమె కోరుకున్నది ఆ ఒక్కటే. తనకు దక్కనిది మీకు ఎక్కడినుంచి తెచ్చి ఇస్తుంది? కొబ్బరికాయ కొట్టండి, ఊట నీళ్ళు తాగండి, పిల్లాపాపలతో చల్లగా ఉండండి. ఆ ఒక్కటీ అడిగి మా తల్లిని ఏడిపించకండి.