కొండ నదికి జ్వరం

ఒకప్పుడు, ఎముకలు కొరికే చలిలో కూడా కొండ నది మీద పొగ లేచేది కాదు. తెల్లారేసరికి అడుగున ఉన్న రాళ్లు సైతం కనిపించేవి.

ఆ నది ఒక కొండ ఊరి నడుమ పారేది. దాని మీద మనుషులు నడిచే వంతెన ఉండేది. ఏ దొరా కట్టించలేదు దాన్ని. దొరలు పల్లకీలో నది దాటేవాళ్లు, మోసేవాళ్లు పీకల్లోతు నీళ్లలో నడిచేవాళ్లు. ఆ మోసేవాళ్లే అడవి తీగలు పేని, చెక్కలు పరిచి కట్టుకున్నారు.

నదికి అది గిట్టలేదు. అంతకుముందు నీళ్లలో నడిచే అందరి పాదాలూ దానికి తెలుసు. ఇప్పుడు పైన ఎవరు పోతున్నారో తెలియదు. అందుకని నీళ్లు చేతుల్లా లేచి, చెక్కల సందుల్లోంచి వేళ్లు పెట్టి పాదాలు తడిమేవి. నడిచేవాళ్లని వదిలేసేవి. పాడె మీద వెళ్లేవాళ్ల పాదాలు చెక్కకి తగలవు కదా, వాళ్లని లాక్కునేవి.

ఒక పొద్దున సోమిలి అనే ఆవిడ ఐదేళ్ల కూతురు పైడిని భుజాన వేసుకుని వంతెన ఎక్కింది. పిల్లకి మూడు రోజులుగా జ్వరం. మందిచ్చే అవ్వ అవతలి ఒడ్డున ఉంది.

నడిమధ్యకి వచ్చేసరికి చల్లటి వేళ్లు ఆమె మడమ పట్టుకున్నాయి.

"సోమిలివేనా? మడమలు ఇంకా పగిలాయే," అంది నది.

"నా పగుళ్లు చూడ్డానికి నీకు తీరికుంది గంగమ్మా, నాకు లేదు. వదులు."

"నువ్వు పో. భుజం మీదిదాన్ని నాకిచ్చి పో. దాని పాదాలు చెక్కకి తగల్లేదు."

"బతికే ఉంది. జ్వరం."

"బతికుంటే దింపి చెయ్యి వదులు. నిలబడితే నీది. పడితే నాది."

కింద నీళ్లు చప్పుడు ఆపేశాయి. ఒడ్డు ఇంకా ఇరవై అడుగులుంది. మడమ కదలదు.

"పైడీ, ఒక్కసారి నిలబడమ్మా. నేనిక్కడే ఉన్నా," అంది సోమిలి పిల్ల చెవిలో. చెక్క మీద దింపి చేతులు వదిలింది.

పైడి ఊగింది. వంతెన ఊగింది. సందుల్లోంచి పది వేళ్లు లేచి రెండు చిన్న పాదాల్నీ చుట్టుకున్నాయి.

నీళ్లు సుర్రుమన్నాయి.

"ఇంత మంట ఈ చిన్న ఒంట్లోనా?" అంది నది. వేళ్లు లాక్కోబోయింది. అప్పటికే జ్వరమంతా దాని చేతుల్లోకి దిగిపోయింది.

"అమ్మా, కాళ్లు చల్లగా ఉన్నాయి," అంది పైడి. పడలేదు.

సోమిలి పిల్ల చెయ్యి పట్టుకుంది. "నా కూతురు మూడు రోజులు మోసింది," అంది నదితో. "ఇప్పుడు నువ్వు మొయ్యి."

ఇద్దరూ నడిచి ఒడ్డు చేరారు. ఆ వేళ్లు మళ్లీ వంతెన దాకా రాలేదు.

అప్పటినుంచే, చలికాలం తెల్లవారుజామున కొండ నది పొగలు కక్కుతుంది. ఎన్ని చలికాలాలు పోయినా, ఆ పసిదాని జ్వరం దానికి ఇంకా దిగలేదు.