కూత ఆగిన సాయంత్రం

"మామ్మా, నాకు ఆట చేదయిపోయింది" అంది రత్నం.

సరుగుడు తోటలో పాక వేసుకుని ఉండే సన్యాసిని ఆ మామ్మ. ఊళ్ళో అందరూ సాధమ్మ అంటారు. ఎవరికీ ఏ మంత్రమూ చెప్పదు. సముద్రం ఒడ్డున చెడుగుడు ఆడే ఆడపిల్లలకు మాత్రం ఊపిరి బిగబట్టి కూత పెట్టడం నేర్పుతుంది. అదే ఆవిడ మంత్రమని కొందరంటారు. నాకైతే తెలీదు.

ఆ కూత అందరికంటే బాగా పట్టుబడింది రత్నానికే. పదిహేనేళ్ళ పిల్ల. చెడుగుడు చెడుగుడంటూ అవతలి జట్టులోకి దూరిందంటే ఇద్దరు ముగ్గుర్ని తాకి, ఊపిరి ఇంకా మిగిలుండగానే గీత దాటి వచ్చేస్తుంది. అవుటై బయట కూర్చోవడమన్నది ఎరగదు.

"చేదెందుకయిందే?" పొయ్యిలోకి పుల్లలు తోస్తూ అడిగింది సాధమ్మ.

"నన్ను పిలవకుండానే ఆడుకుంటున్నారు. నేను వెళ్తే నవ్వులాపేస్తారు. నేనేటి తప్పు చేశాను? నేనున్న జట్టే కదా గెలుస్తుంది! మొన్న అవతలి జట్టులో పైడితల్లి కాలు మడతపడి కూలబడిపోయినా నేను కూత ఆపలేదు మామ్మా. దాన్నీ తాకేసి వచ్చాను. నువ్వు నేర్పినట్టే." అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. "రేపట్నించి ఇంక ఆడను."

సాధమ్మ చేతిలో పుల్ల పొయ్యి దగ్గరే ఆగిపోయింది. దాన్ని పక్కన పడేసి లేచి, కావిరంగు చీర కుచ్చిళ్ళు పైకి దోపి, కొంగు నడుముకు బిగించింది.

"ఇవాళ్టికి ఆడు. నేనూ వస్తాను."

"నువ్వా!" అంత ఏడుపులోనూ రత్నానికి నవ్వొచ్చింది.

ఆ సాయంత్రం సముద్రం మీంచి మంచు దిగింది. ముందు పడవలు కనబడ్డం మానేశాయి, తర్వాత అలలు. వాటి చప్పుడు మాత్రం ఎక్కడో ఉంది. ఇసుకలో గీసిన గీతకు అవతల పిల్లలు నేలమీద కాళ్ళు లేనట్టు, తెల్లటి మసకలో తేలుతూ కనిపించారు. వాళ్ళ మధ్య నడుం మీద చేతులేసుకుని సాధమ్మ. పిల్లలు ఒకర్నొకరు గిల్లుకున్నారు.

పైడితల్లి ఇవాళ రత్నం జట్టులో పడింది. కాలు ఇంకా సరిగ్గా ఆనడం లేదు. మొదట్లోనే అవుటై గీత పక్కన చతికిలబడింది.

రత్నం కూతకు వెళ్ళింది. సూటిగా వెళ్ళి సాధమ్మ భుజం తాకింది.

"అమ్మో!" అంటూ ముసలావిడ ఇసుకలో కూలబడిపోయింది.

"మామ్మా! దెబ్బ తగిలిందా?"

అంతే. కూత ఆగిపోయింది.

"చచ్చింది! రత్నం చచ్చింది!" పిల్లలు గెంతులేశారు. నిజం చెప్పొద్దూ, ఆ అరుపుల్లో కాస్త కసి కూడా ఉంది. సాధమ్మ తాపీగా లేచి ఇసుక దులుపుకుంది.

"ఇది తొండి!" రత్నానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"బయట కూర్చో" అంది సాధమ్మ.

పైడితల్లి పక్కకి జరిగి చోటిచ్చింది. "ఇటు రా. అక్కడ తడి."

రత్నం దాని మొహం చూడకుండానే కూర్చుంది. వీళ్ళ జట్టు ఎదుటివాళ్ళలో ఒకర్ని తాకి వస్తే, బయటున్నవాళ్ళలో ముందు వచ్చినవాళ్ళు బతికి లేస్తారు. కాసేపటికి పైడితల్లి లేచింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చి రత్నం పక్కన కూలబడ్డారు. చివరికి జట్టంతా బయటే ఉంది. లోపల మిగిలింది పైడితల్లి ఒక్కతే.

కుంటుకుంటూ మంచులోకి వెళ్ళింది. ఇక మనిషి కనబడలేదు. కూత ఒక్కటే వినిపిస్తోంది.

చెడుగుడు చెడుగుడు చెడుగుడు...

అల వచ్చినప్పుడు మునిగిపోతోంది, అల వెనక్కి పోగానే మళ్ళీ తేలుతోంది. సన్నబడుతోంది. తనూ ఊపిరి బిగబట్టి ఉందని రత్నానికి అప్పుడు తెలిసింది. ఇంకొకరి కూత ఇలా కూర్చుని ఎప్పుడూ వినలేదు. భయమేసింది. గెలుపు గుర్తులేదు. అది తిరిగొస్తే చాలనిపించింది.

"పైడీ! వచ్చెయ్! వచ్చెయ్యే!"

మంచులోంచి పైడితల్లి బోర్లా వచ్చి పడింది. చెయ్యి గీత మీద ఉంది. పెదాల మీద కూత ఇంకా ఉంది. ఒళ్ళంతా ఇసుక. అలాగే మోకాళ్ళ మీద లేచి చెయ్యి చాపింది.

"లే రత్నం. బతికావ్."

రత్నం ఆ చెయ్యి పట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో దానికే తెలీదు.

"కాలెలా ఉందే?"

"ఇప్పుడడిగావా!" అని పైడితల్లి దాని నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది.

చీకటి పడుతుంటే ఆట ఆపారు. మంచులో దూరంగా పిల్లల గొంతులు "రత్నం, రావే!" అని పిలుస్తున్నాయి. రత్నం రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది.

"మామ్మా, దెబ్బ నిజంగా తగల్లేదు కదా?"

"లేదే."

"మరి అలా అరిచావేటి?"

సాధమ్మ దోపిన కుచ్చిళ్ళు దించుకుంటూ అంది: "నువ్వు ఆగుతావో లేదో చూద్దామని."