తొండ తల ఊపిన సంబంధం

జీడిమామిడి తోటలో ఉడతలకు సంబంధాలు కుదిర్చేది కంచె మీది తొండ. అది ఇంతవరకు ఒక్క అబద్ధమూ ఆడలేదని తోటంతా చెప్పుకునేది. నిజమే. అది ఇంతవరకు నోరు తెరవనే లేదు. ఎవరేమడిగినా తల ఊపేది, అడక్కపోయినా ఊపేది. తొండలకు అది పుట్టుకతో వచ్చిన అలవాటు.

ఆ తోటలోనే కనకమ్మ అనే ముసలి ఉడత, మేనకోడలు ముత్యాలుతో ఉండేది. వాళ్ళ గూడు కారుతోంది. తినడానికి మిగిలింది ఒక్క జీడిగింజ. వానలు దగ్గర పడ్డాయి.

"గింజలున్నవాణ్ణి చేసుకోవే పిల్లా. వానాకాలం నువ్వూ గట్టెక్కుతావు, నీ వెనక నేనూ."

"ముసలివాడైనా ఫరవాలేదా అత్తా?"

"తొర్ర నిండుగా ఉంటే వయసెవరు చూస్తారే!"

తాటిచెట్టు తొర్రలో ఉండే సోమసుందరం కలవాడని విని, కనకమ్మ కంచె దగ్గరికి పరుగెత్తింది.

"పెద్దయ్యా, ఆ అబ్బాయి తొర్ర నిండా గింజలేనటగా?"

తొండ తల ఊపింది.

"రెండు వానాకాలాలకు సరిపోతాయా?"

ఇంకా గట్టిగా ఊపింది.

ఆమె అటు వెళ్ళగానే సోమసుందరం వచ్చాడు. "మామా, ఆ పిల్లకు అత్త ఆస్తంతా వస్తుందా?"

దానికీ ఊపింది.

పెళ్లిచూపుల్లో కనకమ్మ ఉన్న ఒక్క గింజా ముందు పెట్టింది. సోమసుందరం దాన్ని వాసన చూసి పక్కకు జరిపాడు. "ఇంట్లో ఇవే తిని తిని మొహం మొత్తిందండీ."

"మాకూ అంతే బాబూ," అంది కనకమ్మ. ముగ్గురూ ఆ గింజ వైపే చూస్తూ కూర్చున్నారు.

మర్నాడే పెళ్లి. ఆలస్యమైతే అసలు సంగతి బయటపడుతుందని రెండు వైపులా తొందరే.

పెళ్లయిన సాయంత్రమే మొదటి వాన పడింది. తాటి తొర్రలో ముత్యాలు నాలుగు మూలలూ వెతికింది. ఎండుటాకులు తప్ప ఏమీ లేవు.

"ఏమండీ, గింజలెక్కడ?"

"మీ అత్తయ్య పంపుతుందనుకున్నానే!"

"మా అత్తా? ఆవిడకున్నది ఆ ఒక్క గింజే. మీరేమో వద్దన్నారు."

"ఆ రోజు ఆకలికి నా కళ్ళు తిరుగుతున్నాయి ముత్యాలూ."

ముత్యాలు కోపంగా అటు తిరిగి కూర్చుంది. కాసేపటికి ఆమె తోక అదరడం చూసి ఏడుస్తోందేమోనని సోమసుందరం భయపడ్డాడు. తీరా చూస్తే నవ్వుతోంది. ఇద్దరూ వానలోనే దిగి, రాలిన వేపపళ్ళు ఏరడం మొదలుపెట్టారు. అతను ఒడుపుగా ఏరుతుంటే, పనికిరానివాడు కాడులే అనుకుంది.

అంతలో కనకమ్మ తడుస్తూ వచ్చింది. "గూడు కూలిపోయిందే. ఇక మీ కలిమిలోనే నా ముసలితనం గడిపేస్తాను."

"రా అత్తా, చోటుకేం కొదవ లేదు," అంది ముత్యాలు. "పైకెక్కే ముందు ఆ కొమ్మ కింద పళ్ళు నువ్వు ఏరు. ఈ పూటకు మన ముగ్గురికీ అవే."

ఎదుటివాళ్ళ తొర్ర చూసి పెళ్లికి తొందరపడేవారు, వాళ్ళు మన గూడు ఎందుకు చూస్తున్నారో కూడా ఆలోచించుకోవాలి.