ఆదెమ్మ ఆఖరి చిప్ప

అనగనగా అనగానే అందరికీ రాజే గుర్తొస్తాడు. ఈ కథలో రాజు లేడు, రాణీ లేదు. ఉప్పు ఉంది, గంజి ఉంది, ఒక ఆల్చిప్ప ఉంది. ఆ మూడూ చాలు మనకు. ఊఁ కొట్టేవాళ్ళు కొట్టండి, కునికేవాళ్ళు కునకండి. నేను మాత్రం ఆపను.

ఎప్పుడో, మన తాతల తాతలకు ఇంకా మీసాలు మొలవని కాలంలో, ఉప్పుటేరు ఒడ్డున తెల్లమళ్ళ పాలెం అని ఒక ఊరుండేది. ఆ నేలలో వరి పండదు, జొన్న పండదు. పండేది ఉప్పొక్కటే. ఏటి నీళ్ళు తూములోంచి మడిలోకి వదిలేవాళ్ళు. మడి నిండగానే తూము మూసేవాళ్ళు. ఎండ కాసి, గాలి వీచి, నీళ్ళు ఆరిపోతే అడుగున తెల్లగా ఉప్పు మిగిలేది. దాన్ని లాగి గట్టు మీద కుప్ప పోసేవాళ్ళు. నీళ్ళు ఆపడం, ఎండబెట్టడం, కుప్ప పోయడం. పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా వాళ్ళకు తెలిసిన విద్య అదే.

ఆ ఊళ్ళోనే ఆదెమ్మ ఉండేది. మళ్ళలో పనిచేసేవాళ్ళకు గంజి మోసుకెళ్ళడం ఆమె పని. ఆమె నడక నెమ్మది, మాట నెమ్మది, ఆఖరికి తుమ్మడం కూడా నెమ్మదే. గట్టు మీద తలపై కుండతో ఆమె కనబడితే చాలు, మడిలో మగవాళ్ళు మొదలెట్టేవాళ్ళు.

"అదిగో, బయల్దేరినాది. గంజి మన దగ్గరికొచ్చేతలికి పులిసి తరవాణి అయిపోద్ది."

ఆదెమ్మ నవ్వేది. "పరిగెడితే ఒలికిపోద్ది నాయనా. నా కుండలోంచి ఒక్క చుక్కయినా ఒలికిందేటి?"

ఒలకలేదు. ఆ మాట మాత్రం ఎవరూ కాదనలేరు. ఆ గంజిలో ఆమె ఉప్పు వేసి తెచ్చేది. ఉప్పు మళ్ళలో ఉండేవాళ్ళకు మళ్ళీ ఉప్పేమిటని మీరు నవ్వొచ్చు. మండుటెండలో చెమటలు కక్కుతూ వట్టి నీళ్ళు తాగినవాడు పిక్కలు పట్టేసి మడిలోనే కూలబడేవాడు. ఉప్పు గంజి తాగినవాడు నిలబడేవాడు. ఇది ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలుసు. కానీ మళ్ళలో తెలిసిన సంగతి ఇంట్లో గుర్తుకు రావాలంటే ఎన్ని ఏళ్ళు పడుతుందో, అదే ఈ కథ.

ఎండాకాలంలో ఆ ఊరికి వాంతిభేది వచ్చేది. వాంతులు, విరేచనాలు, మనిషి పొద్దున బాగుండి సాయంత్రానికి వడిలిపోయేవాడు. అప్పుడు ఊరివాళ్ళు ఏం చేసేవాళ్ళో తెలుసా? వాళ్ళకు తెలిసిన విద్యే చేసేవాళ్ళు. కడుపు కూడా మడే కదా, తడి ఆపితే ఆరుతుంది కదా అనుకునేవాళ్ళు. జబ్బుపడిన ఇంట్లో నీళ్ళకుండ బోర్లించేసేవాళ్ళు. దాన్నే తూము మూయడం అనేవాళ్ళు. మళ్ళ మేస్త్రీ కూర్మయ్య ఇంటింటికీ వచ్చి, తన చేత్తోనే కుండ బోర్లించి వెళ్ళేవాడు. చెడ్డవాడు కాదు. వాళ్ళ నాన్న అలాగే చేశాడు, వాళ్ళ తాతా అలాగే చేశాడు.

ఒక ఏడు ఆ జబ్బు ఆదెమ్మ మొగుడు తౌడయ్యకు వచ్చింది. కూర్మయ్య వచ్చాడు, కుండ బోర్లించాడు, వెళ్ళాడు. తౌడయ్య మూడుసార్లు నీళ్ళడిగాడు. మొదటిసారి నోటితో అడిగాడు. రెండోసారి నోరు పెగల్లేదు, చేత్తో అడిగాడు. మూడోసారి చెయ్యి లేవలేదు, కళ్ళతో అడిగాడు. ఆదెమ్మ బోర్లించిన కుండ పక్కనే కూర్చుని మూడుసార్లూ తల అడ్డంగా ఊపింది. అలా ఊపితే బతుకుతాడనే ఊపింది పాపం.

బతకలేదు.

ఊరంతా వచ్చి, నువ్వు చెయ్యాల్సింది చేశావని ఓదార్చారు. ఆ ఓదార్పే ఆమెను కాల్చేసింది. స్నానం చేయించేటప్పుడు చూస్తే అతని నాలుక చెక్కలా ఉంది, కళ్ళు లోపలికి పోయాయి, చేతి మీద తోలు గిల్లితే గిల్లినట్టే నిలబడిపోయింది. ఆదెమ్మ కూర్మయ్యను అడిగింది. "మడి ఎండితే ఉప్పు మిగుల్తాది అన్నా. మడిసి ఎండితే ఏటి మిగిలినాది?"

కూర్మయ్య తల దించుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ ఎండలొచ్చాయి, మళ్ళీ జబ్బొచ్చింది. ఈసారి కూర్మయ్య ఇంటికే వచ్చింది. అతనికి తల్లిలేని కూతురొకతె, పేరు పైడి. రోజూ ఆదెమ్మ కొంగు పట్టుకుని గట్ల వెంట తిరిగే పిల్ల. ఆదెమ్మ నెమ్మది నడకకు సరిపోయే అడుగులు ఊరంతటికీ ఆ పిల్లవే. పొద్దున్నే వాంతులు పట్టుకున్నాయి. కూర్మయ్య తన ఇంట్లో కుండ తనే బోర్లించాడు.

ఆదెమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది. "కూర్మయ్యన్నా, నీ గుంట నీల్లడుగుతంది."

"అడగనీ. తూము మూసీసినాను."

"నా మొగుడూ అడిగినాడు. మూసీసినాక ఏటయినాదో నువ్వూ సూసినావు."

కూర్మయ్య గుమ్మానికి అడ్డంగా కూర్చుండిపోయాడు. తర్వాత అన్నాడు. "నువ్వు సెప్పేది నిజమైతే, ఇన్నాల్లూ ఇంతమందిని నాను సంపినట్టు గదే ఆదెమ్మా?"

చూశారా, అతన్ని గుమ్మానికి అడ్డంగా కూర్చోబెట్టింది మొండితనం కాదు, ఆ భయం. ఆదెమ్మ అతని పక్కన చతికిలబడింది. "నా సేతిలోనే పోనాడు నా మొగుడు. నీకన్నా ముందు ఆ పాపం నాది. పోనోల్ల కోసం తరవాత ఏడుద్దాం అన్నా, ఇద్దరం కలిసే ఏడుద్దాం. ముందు గుంటని సూడనీ."

కూర్మయ్య పక్కకు జరిగాడు.

ఆదెమ్మ మొదట చెంబుడు నీళ్ళు కాచి చల్లార్చి పట్టింది. దాహం మీదున్న పిల్ల గటగటా తాగేసింది. తాగినంతా కక్కేసింది. గుమ్మం దగ్గర మూగినవాళ్ళు గొణిగారు. ఆదెమ్మ పిల్ల నోరు తుడిచింది, బట్ట మార్చింది, గొంతుకు అడ్డం పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టింది.

రెండోసారి గిన్నెడు గంజి పట్టింది. సగం నిలిచింది, సగం వచ్చేసింది. పిల్ల ఇంకా వడిలిపోయింది. అంతలో కాళ్ళు కొంకర్లు పోయి, పిక్కలు పట్టేసి "అత్తా, అత్తా" అని మూలిగింది. ఆదెమ్మ ఆ పిక్కలు పిసుకుతూ ఆగిపోయింది. ఈ నొప్పి ఆమెకు కొత్తది కాదు. మండుటెండలో వట్టి నీళ్ళు తాగి కూలబడ్డ ప్రతివాడి కాళ్ళలో చూసిందే. లేచి గంజిలో చిటికెడు ఉప్పు వేసింది.

ఇక ఒలకకుండా పట్టడమెలా? ఆ పిల్ల కడుపు అంచుదాకా నిండిన కుండలా ఉంది, తొందరపడితే ఒలుకుతుంది. ఒలక్కుండా మోయడం మన ఆదెమ్మకు కాక ఎవరికి తెలుసు? గోడకు ఆల్చిప్ప ఉంది, మామిడికాయ తొక్క గీకేది. దాన్ని మరిగే నీళ్ళలో కడిగింది. చిప్పెడు గంజి తీసుకుని పెదాల దగ్గర పెట్టింది.

"ఇదే ఆఖరి సిప్పమ్మా. తాగీ."

పైడి తాగింది. ఆదెమ్మ ఆగింది. ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు నడిచేంత సేపు ఆగి, మళ్ళీ ముంచింది.

"ఇదే ఆఖరి సిప్ప."

పైడి తాగింది. ఒకసారి కక్కింది. ఆదెమ్మ విసుక్కోలేదు. తుడిచి, కాసేపు ఆగి, మళ్ళీ ముంచింది. "ఇదే ఆఖరి సిప్ప."

పిల్ల కళ్ళు సగం తెరిచి గొణిగింది. "ఇందాకా అదే అన్నావు గదత్తా."

"అది ఇందాకటి ఆఖరు. ఇది ఇప్పటి ఆఖరు."

పొద్దు నడినెత్తికెక్కింది, వాలింది, మళ్ళీ పొడిచింది. ఆదెమ్మ లేవలేదు. విరేచనమైతే కడిగేది, బట్ట మార్చేది, చేతులు కడుక్కునేది, మళ్ళీ చిప్ప పట్టేది. గుమ్మం దగ్గర గొణిగిన ఆడవాళ్ళే ఒకరు కట్టెలు తెచ్చారు, ఒకరు నూకలు తెచ్చారు, ఒకరు పాత చీర చింపి ఇచ్చారు. కూర్మయ్య గోడకానుకుని ఆ చిప్ప పైకి లేవడం, కిందికి దిగడం చూస్తూ కూర్చున్నాడు.

పైడి ఏడ్చింది. "ఇంక ఒద్దత్తా" అని ఏడ్చింది. ఆ ఏడుపులో కన్నీళ్ళొచ్చాయి. నిన్నంతా ఏడ్చినా చుక్క రాని కళ్ళవి. ఆదెమ్మ ఆ కన్నీటిని వేలితో తుడిచి కూర్మయ్యకు చూపించింది. ఇంకాసేపటికి చాప తడిసింది. ఆదెమ్మ తడిమి చూసింది, వాసన చూసింది, లేచింది.

అప్పుడు ఆ ఊరు ఎన్నడూ చూడనిది చూసింది. ఆదెమ్మ పరిగెత్తింది. కొంగు జారిపోతున్నా చూసుకోకుండా వీధిలోకి పరిగెత్తి, "గుంట ఉచ్చ పోసినాదర్రా, ఉచ్చ పోసినాది" అని ఇంటింటికీ చెప్పింది. మడిలో మగవాళ్ళు ఉప్పు లాగే పలకలు పడేసి వచ్చారు. ఎక్కడైనా ఒక పిల్ల చాప తడిపితే ఊరు పండగ చేసుకుంటుందా? ఆ ఊరు చేసుకుంది. కూర్మయ్య లోపలికి వెళ్ళి, బోర్లించిన కుండను నిలబెట్టి, దాన్ని కౌగిలించుకుని ఏడ్చాడు. ఆదెమ్మ మాట తప్పలేదు, వచ్చి పక్కన కూర్చుని తనూ ఏడ్చింది.

తర్వాత ఏరు దాటి వైద్యుడొచ్చాడు. సంగతి విని నొచ్చుకున్నాడు. "లంఖణం పరమౌషధం అన్నది తిండికి గాని నీళ్ళకు కాదయ్యా" అన్నాడు. ఆదెమ్మ గంజి రుచి చూసి, ఏరు అవతల ఊళ్ళకు కూడా చెబుతానని వెళ్ళాడు.

అప్పట్నుంచి ఎవరింట్లో జబ్బు చేసినా ఆదెమ్మను పిలిచేవాళ్ళు. ఆమె నెమ్మదిగా వచ్చేది. అందరూ బతికారని నేను చెప్పను, చెబితే అబద్ధం. ముదిరిపోయినవాళ్ళు, ముసలివాళ్ళు కొందరు పోయారు. కానీ ఆదెమ్మ ఎవరి పక్కన కూర్చుందో ఆ మనిషి దాహంతో పోలేదు. వచ్చి నేర్చుకుంటామన్నవాళ్ళకు మూడు మాటలు చెప్పేది. "నాలిక మీద తడి సూడు. కంట్లో నీరు సూడు. తోలు గిల్లి వొదిలి సూడు."

ఉప్పు ఎంత వెయ్యాలన్న దగ్గర మాత్రం ఆ ఊరివాళ్ళు తప్పు చేసేవాళ్ళు. ఉప్పు పండించే చెయ్యి కదా, పిడికెడు పడిపోయేది. ఒకామె అలాగే వేస్తే, నెమ్మది ఆదెమ్మ చటుక్కున లాక్కుని పారబోసింది. "నోట్లో ఏసి సూడు. కన్నీటికన్నా ఉప్పగుంటే అది మందు కాదు, ఇసం" అంది. తన కన్నీటి రుచి తెలియని మనిషెవరు? ఆ కొలత ఎవరూ మరిచిపోలేదు.

ఏళ్ళు గడిచాయి. పైడి పెళ్ళాడింది, పిల్లల్ని కంది, తనూ చిప్ప పట్టడం నేర్చింది. ఆదెమ్మ ముసలిదైంది. జబ్బేమీ కాదు, నడిచి నడిచి ఆ ఒళ్ళు అలిసిపోయింది, అంతే. మంచాన పడింది. పైడి పొద్దున్నే వచ్చి పక్కన కూర్చుని గంజి ముంచింది.

"ఇదే ఆఖరి సిప్పత్తా."

ఆదెమ్మ బోసినోటితో నవ్వింది. "నాకే సెప్తన్నావేటే?" అని తాగింది.

"ఇదే ఆఖరి సిప్ప."

తాగింది.

పొద్దు వాలే వేళకు పైడి మళ్ళీ ముంచి నోటి దగ్గర పెట్టింది. ఆదెమ్మ చిప్ప మీద చెయ్యి అడ్డం పెట్టింది. "ఇది నిజింగానే ఆఖరిదే పైడీ. ఇది నువ్వు తాగు. పొద్దున్నించీ ఏటీ తాగనేదు నువ్వు."

పైడి వద్దంది. ఆదెమ్మ వినలేదు. చిప్పను నెమ్మదిగా పైడి పెదాల దగ్గరికి నెట్టింది. పైడి తాగింది. తాగి చిప్ప దించేసరికి ఆదెమ్మ లేదు. ఒక్క చుక్క ఒలకలేదు.

తెల్లమళ్ళ పాలెంలో ఇప్పటికీ నీళ్ళకుండ బోర్లించరు. కడిగినా పక్కకు ఒరిగించే ఆరబెడతారు. కొత్తకోడలు కాపురానికొస్తే అత్త మొదట చేతికిచ్చేది ఆల్చిప్పే, చూరు కింద వేలాడదీసుకోమని. ఎవరైనా ఇదే ఆఖరంటూనే ఇంకొకటి, ఇంకొకటి అంటుంటే "ఆదెమ్మ ఆఖరేటి నీది?" అని నవ్వుతారు. కథలన్నీ కంచికి పోతాయంటారు గానీ, ఈ కథ ఆ చూరు దాటి పోలేదు.

ఇంకొక్క ఆచారముంది. జబ్బుమనిషి తేరుకున్నాక గిన్నె అడుగున ఒక చిప్పెడు గంజి మిగుల్చుతారు. అది పక్కన కూర్చుని సేవ చేసినవాళ్ళు తాగాలి. లేచి కూర్చున్న జబ్బుమనిషే దాన్ని ముంచి వాళ్ళ నోటికందిస్తాడు. అప్పటిదాకా గంటకు పదిసార్లు ఆఖరిదని బొంకిన ఇంట్లో, ఆ చిప్ప తాగేటప్పుడు మాత్రం ఎవరూ ఆ మాట అనరు.