కర్పూరం లేని మాట

“శుక్రవారం తెల్లవారేసరికి నీ నారుమడిలో నీళ్ళుంటాయి పారమ్మా, ఇది నా మాట.”

ఈ మాట ఇచ్చిన పోలినాయుడు గెడ్డపాలెంలో ఉండేవాడు. కర్పూరం మీద చెప్పిందే మాట, మిగిలినదంతా గాలి అనుకోవడం అతని లోపం.

పోలినాయుడు చెడ్డవాడు కాడు. గట్టు తగాదా వచ్చినా, గొడ్డు తప్పిపోయినా, వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చేయడం ఆ ఊరి ఆనవాయితీ. అలా చేసిన ప్రమాణాన్ని అతను ఏనాడూ తప్పలేదు. ఒకసారి దానికోసం మూరెడు వెడల్పు నేల పక్కవాడికి వదులుకున్నాడు కూడా. అందుకే అతని మొలలో ఎప్పుడూ కర్పూరం డబ్బీ ఉండేది. కానీ భోజనానికి వస్తానని ఉత్తినే చెప్పి వెళితే, భార్య అతని వంతు బియ్యం పోసేది కాదు.

పారమ్మ పొలం కాలువ కొసన, అతని పొలానికి దిగువన ఉండేది. ఒంటరి మనిషి. గుడికి వెళ్ళేది కాదు, ముడుపు కట్టేది కాదు. దేవుడితో ఆమెకు తగాదా లేదు, పనీ లేదు. దేవుడి భయం లేని మనిషికి పాపభయం ఎక్కడిదని, ఆమె ఉన్నచోట గడ్డపార కూడా మరిచిపోకూడదని ఊరివాళ్ళు అనుకునేవారు. ఆ ఊళ్ళో ఒక్క గడ్డపారా పోలేదు. ఆ సంగతి మాత్రం ఎవరూ అనుకోలేదు.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. కాలువ నీళ్ళు వంతులవారీగా పారేవి. నీళ్ళు మళ్ళించే మడవ పోలినాయుడి గట్టు మీద ఉండేది. అతను తిప్పితేనే దిగువకు నీళ్ళు. నారు ఎండితే పారమ్మకు నాట్లు లేవు, నాట్లు లేకపోతే ఏడాది గింజలు లేవు. అందుకే తన వంతు తనకు వదలమని వెళ్ళి అడిగింది. పోలినాయుడు మాట ఇచ్చి, మొలలోంచి డబ్బీ తీశాడు.

“అదెందుకన్నయ్యా? నీ మాట చాలు” అంది పారమ్మ.

అతను డబ్బీ మూసేశాడు. శుక్రవారం మడవ తిప్పలేదు.

పారమ్మ పొద్దెక్కేదాకా తన మడికి నీళ్ళు తెచ్చే బోదె ఎండిపోయి ఉంటే దాని పక్కన నిలబడి, చివరికి అతని దగ్గరికి వచ్చింది. అతని మడిలో నీళ్ళు తళతళలాడుతున్నాయి.

“కర్పూరం వద్దన్నది నువ్వే కదమ్మా” అన్నాడు పోలినాయుడు నెమ్మదిగా. అందులో వెటకారం లేదు. తాను తప్పేమీ చేయలేదనే అతను నమ్మాడు.

“నా నారుకి కర్పూరం సంగతి తెలియదన్నయ్యా” అని ఆమె వెళ్ళిపోయింది.

మరుసటి వంతు నీళ్ళు వచ్చేసరికి సగం నారు మాడిపోయింది. ఊరు ఊరంతా పోలినాయుణ్ణి నిలదీయాల్సింది. ఎవరూ నిలదీయలేదు. ప్రమాణం లేదు కాబట్టి తప్పూ లేదన్నారు. ప్రశ్నించని ఊళ్ళో అన్యాయం కూడా ఆచారమనే పేరు పెట్టుకుని తిరుగుతుంది.

తరవాత వాన రానే వచ్చింది. వచ్చాక ఆగలేదు. కాలువ పొంగి పోలినాయుడి నారుమడి మునిగింది. ఆ నీళ్ళు పోవడానికి ఒకటే దారి, పారమ్మ గట్టు తెగ్గొట్టడం. తెగ్గొడితే ఆమె పొలం మీదుగా వాగులోకి పోతాయి. ఆమె దున్నుకున్న మెత్తని మట్టి కూడా వాటితో కొట్టుకుపోతుంది.

పోలినాయుడు గొంగడి కప్పుకుని పరిగెత్తాడు. ఏ మొహం పెట్టుకుని అడగాలా అని దారిపొడుగునా ఆలోచించాడు. ఇకమీదట ఆమె వంతు తప్పనని కర్పూరం ఆర్పి ఒట్టు వేద్దామనుకున్నాడు. అతను చేరేసరికి పారమ్మ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి తన గట్టు తానే తెగ్గొడుతోంది.

అతను డబ్బీ పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

“తడిసిపోతుంది, లోపల పెట్టుకో. ఇంకో పార అక్కడుంది, అందుకో” అంది పారమ్మ.

ఇద్దరూ కలిసి తవ్వారు. నీళ్ళు దిగాయి. నారు తలలు బయటపడ్డాయి. అప్పుడు పోలినాయుడు అడిగాడు.

“నీకు దేవుడి భయం లేదు. నాకు మాట ఇవ్వనూ లేదు. మరి ఎవరికి భయపడి ఈ పని చేశావు పారమ్మా?”

ఆమె నవ్వింది. “భయమెందుకన్నయ్యా? నీ నారు మునుగుతోంది. చూశాను.”

పోలినాయుడు పార గట్టు మీద దించాడు.

“నీ నారు ఎండడం నేనూ చూశానమ్మా” అన్నాడు.

నాట్ల వేళకు అతను తన నారులో సగం కట్టలు కట్టి, తల మీద మోసుకొచ్చి ఆమె పొలంలో దించాడు. శుక్రవారం నీళ్ళు వదులుతానని చెబుతూ అలవాటుగా మొలలో చెయ్యి పెట్టి, సిగ్గుపడి వెనక్కి తీసుకున్నాడు.

“వెలిగించుకో అన్నయ్యా, నీకు ధైర్యంగా ఉంటుంది” అంది పారమ్మ.

అతను వెలిగించలేదు. శుక్రవారం తెల్లవారకముందే ఆమె మడిలో నీళ్ళున్నాయి. పోలినాయుడు ఇప్పటికీ సాయంత్రం గుడిలో కర్పూరం వెలిగిస్తాడు. దానికి పారమ్మకు అభ్యంతరం లేదు, నాకూ లేదు.

కానీ మతం లేకపోతే మనుషులు మంచీ చెడ్డా మరిచిపోతారని సభల్లో చెప్పే పెద్దలను ఒక్కటి అడగాలి: పారమ్మ గట్టు ఏ దేవుడి భయంతో తెగింది? ఎదుటి మనిషి కష్టాన్ని చూడగలగడమే నీతికి మూలం. చూడగలిగినవాడికి దేవుడు తోడైతే మంచిదే, చూడనివాణ్ణి ఏ దేవుడూ మంచివాణ్ణి చేయలేడు. కాదనేవారు వచ్చే ఏరువాక పున్నమిలోగా జవాబు చెప్పాలి.